సాంకేతికతను లైసెన్సుకు ఇవ్వాలంటే ఏ దేశాన్ని ఎంచుకోవాలి? విజయవాడ కన్సల్టెన్సీ వారి ప్రశ్న

మొగల్రాజపురం ఇంజినీరు:

సభ్యులందరికీ నమస్కారం. మాది రొయ్యల చెరువులకూ ప్రాసెసింగ్ ప్లాంట్లకూ సాంకేతిక సలహాలు ఇచ్చే చిన్న కన్సల్టెన్సీ. నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే రైతులందరూ డీఓ అని పిలిచేది, తెల్లవారుజామున ఎంతకు పడిపోతుందో ముందురోజు సాయంత్రపు రీడింగుల నుంచే అంచనా వేసి, దానికి తగినట్టు ఏరేటర్లను, అంటే చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలను, విడతలవారీగా నడిపే కంట్రోలరును మేము రూపొందించాము. ఇక్కడ పేటెంటు దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత పీసీటీ దరఖాస్తు, అంటే అనేక దేశాల్లో పేటెంటు కోరడానికి దారి తెరిచి ఉంచే ఒకే అంతర్జాతీయ దరఖాస్తు, కూడా వేశాము. ఇప్పుడు ఏయే దేశాల్లో దానిని ముందుకు తీసుకువెళ్ళాలో తేల్చుకోవలసిన గడువు దగ్గరపడుతున్నది.

మేము తయారీదారులము కాము, కావాలన్న కోరిక కూడా లేదు. అక్కడి ఏరేటర్ల తయారీదారుకో మేత కంపెనీకో లైసెన్సు ఇచ్చి రాయల్టీ తీసుకోవాలన్నది మా ఆలోచన. రొయ్యల ఉత్పత్తి, చెరువుల విస్తీర్ణం, కరెంటు ధర, వ్యాపార సౌలభ్యం వంటి అంశాలకు మార్కులు వేసి ఒక పట్టిక తయారు చేస్తే ఈక్వడార్ మొదటి స్థానంలోను, ఆ తర్వాత చైనా, వియత్నాం, ఇండోనేసియా వరుసగాను వచ్చాయి. ఇలాంటి సంస్థలు నిజంగా ఈ పద్ధతిలోనే దేశాలను ఎంచుకుంటాయా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పటమట విశ్రాంత ఉద్యోగి:

నేను ఉద్యోగజీవితమంతా ఎరువుల కర్మాగారాలు, రిఫైనరీల ప్రాజెక్టులలో గడిపినవాడిని. సాంకేతికతను లైసెన్సుకు ఇచ్చే సంస్థలతో, అంటే లైసెన్సర్లతో, కూర్చుని ఒప్పందాలు చదివే పని చాలా కాలం చేశాను. మీరు చెప్పిన పట్టికలాంటిది ప్రతి సంస్థలోనూ ఉంటుంది, కాని నేను చూసినంతలో అది ఎంపికకు కాదు, వద్దనుకున్న దేశాలను తీసివేయడానికి పనికివస్తుంది. రాయల్టీ డబ్బు బయటకు రానివ్వని దేశం, ఒప్పందాన్ని కోర్టులో నిలబెట్టలేని దేశం, మన వస్తువుకు అవసరమే లేని దేశం ఆ వడపోతలో పోతాయి. మిగిలిన నాలుగైదింటిలో ఏది అన్న ప్రశ్నకు మార్కులు జవాబు చెప్పవు. అక్కడ మనకు దొరికే లైసెన్సుదారు, అంటే లైసెన్సు పుచ్చుకునేవాడు, ఎవరు అన్నదే చెబుతుంది.

రిఫైనరీల రంగంలో ఇది మరీ స్పష్టం. ప్రాసెస్ లైసెన్సర్లు దేశాలను ఎంచుకోరు, అప్పు మంజూరై పునాదులు పడబోతున్న ప్రాజెక్టులను ఎంచుకుంటారు. నైజీరియాలో లాగోస్ సమీపాన రోజుకు 6,50,000 బ్యారెళ్ళ సామర్థ్యంతో కట్టిన డాంగోటే రిఫైనరీనే తీసుకోండి. 1965లో ఏర్పడిన మన ఇంజినీర్స్ ఇండియా లిమిటెడ్ దానికి కన్సల్టెంటుగా వెళ్ళింది, ప్రాసెస్ సాంకేతికతలో ముఖ్యభాగం యూఓపీ అనే అమెరికా లైసెన్సరు సంస్థ నుంచి వచ్చింది. వారెవరైనా ‘ఆఫ్రికా మార్కెట్’ అని మార్కులు వేసుకుని వెళ్ళారని నేననుకోను. పెట్టుబడి పెట్టే మనిషి అక్కడ ఉన్నాడు కనుక వెళ్ళారు.

కాబట్టి ఈక్వడార్‌కు మొదటి స్థానం ఎందుకు వచ్చిందో ముందు చూడండి. ఉత్పత్తి ఎక్కువ కనుకనా, లేక అక్కడి చెరువులకు మీ కంట్రోలరు అవసరమై కనుకనా?

ఆటోనగర్ లేత్‌షెడ్డు:

పెద్దలు క్షమించాలి, నాకు మొదటి సందేహమే తీరలేదు. మన ఆటోనగర్‌లోనే పెట్టె చేయించి, ఓడలో వేసి పంపితే లాభం మొత్తం మీకే మిగులుతుంది గదా! నూటికి నాలుగో ఐదో రాయల్టీ కోసం విద్య మొత్తం పరాయి దేశపు తయారీదారు చేతిలో పెట్టడం ఎందుకు? మూడేళ్ళలో వాడే మీకు పోటీ వస్తాడు.

కైకలూరు చెరువుగట్టు:

లేత్‌షెడ్డు గారి సందేహానికి చెరువు దగ్గరి జవాబు ఒకటి ఉన్నది. నేను కొన్నేళ్ళు వియత్నాంలో, మెకాంగ్ డెల్టా రొయ్యల చెరువుల మీద టెక్నీషియనుగా పనిచేసి వచ్చాను. ఈ వ్యాపారంలో పెట్టె ఒక వంతయితే సర్వీసు మూడు వంతులు. డీఓ సెన్సరు నీటిలో దిగిన కొద్ది రోజులకే దాని మీద నాచు, జిగురు పట్టి రీడింగు తప్పడం మొదలవుతుంది. దానిని తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, మళ్ళీ క్యాలిబ్రేషన్ చేసే మనిషి చెరువుకు మోటారు సైకిల్ దూరంలో ఉండాలి. విజయవాడ నుంచి పెట్టె పంపగలరు కాని ఆ మనిషిని పంపలేరు. సెన్సరు తప్పు చూపించి ఒక్క రాత్రి ఏరేటరు తిరగకపోతే తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది, ఆ తర్వాత ఆ ప్రాంతంలో మీ పెట్టె పేరు ఎవరూ ఎత్తరు.

ఇక ఈక్వడార్ సంగతి. అక్కడ చెరువులు పెద్దవి, ఒక్కొక్కటి అనేక హెక్టార్లు. పిల్ల తక్కువ సాంద్రతలో వేస్తారు, సంప్రదాయంగా ఏరేటరు లేకుండానే నీటి మార్పిడితో నెట్టుకొస్తారు. ఈ మధ్య ఏరేటర్లు పెరుగుతున్నా, వాళ్ళు పెట్టుబడి ముందుగా పెట్టింది ఆటోమేటిక్ మేత యంత్రాల మీద, రొయ్య మేత కొరికే చప్పుడును నీటిలో విని మేత వదిలే పరికరాల మీద. ఉత్పత్తి చూసి ఈక్వడార్‌కు మార్కులు వేయడమంటే గొడుగులు అమ్మడానికి జనాభా లెక్క చూసి వాన లెక్క చూడకపోవడమే.

వియత్నాంలో చెరువు చిన్నది, అడుగున ప్లాస్టిక్ షీటు వేసినది, సాంద్రత ఎక్కువ. మీ కంట్రోలరు అక్కడ నిజంగా అవసరం. కాని ఒక చిక్కు చూడండి. మన దగ్గరలాగా ఒక్కో ఏరేటరుకు ఒక్కో మోటారు ఉండదు. పొడవైన ఒకే ఇరుసు మీద పదికి పైగా చక్రాలు బిగించి, గట్టు మీద ఉన్న ఒక మోటారుతోనో డీజిలు ఇంజనుతోనో తిప్పే చెరువులు చాలా ఉంటాయి. ఏరేటర్లను ఒక్కొక్కటిగా ఆపుతూ, తిప్పుతూ ఉండటమే మీ పద్ధతి అయితే అక్కడ ఆపడానికి ఉన్నది ఒక్కటే. ఇండోనేసియాలో, ముఖ్యంగా తూర్పు జావా, లాంపుంగ్ వైపు, విడి మోటారు ఉన్న ఏరేటర్లు ఎక్కువ. మీ పరికరం పెద్దగా మార్చకుండా సరిపోయేది అక్కడే.

మొగల్రాజపురం ఇంజినీరు:

చెరువుగట్టు గారికి కృతజ్ఞతలు. ఇరుసు విషయం మా పట్టికలో ఏ గడిలోనూ లేదు. మోటారు వేగాన్ని తగ్గించి పెంచే డ్రైవు పెడితే ఒకే ఇరుసుకు కూడా మా అంచనా పద్ధతి పనిచేస్తుంది, అయితే డీజిలు ఇంజను ఉన్నచోట పనిచేయదు. మా పేటెంటు దరఖాస్తులో వేగ నియంత్రణను కూడా క్లెయిముగా, అంటే మా హక్కుగా రక్షణ కోరే అంశంగా, పెట్టాము. చైనా సంగతి ఎవరైనా చెబుతారా?

బ్రాడీపేట పేటెంట్:

గుంటూరులో పేటెంటు దరఖాస్తుల పని చేస్తున్నాను. చైనా దగ్గరకు వచ్చే ముందు ఒక మాట. లైసెన్సు దేశాన్ని ఎంచుకోవడం వ్యాపార నిర్ణయమని అందరూ అనుకుంటారు గాని, దానిని ఖాయం చేసేది పేటెంటు క్యాలెండరు. పేటెంటు ఏ దేశానికి ఆ దేశానిదే. మొదటి దరఖాస్తు తేదీ నుంచి 12 నెలల లోపు పీసీటీ వేస్తే, ఆ మొదటి తేదీ నుంచే లెక్కించి 30 నెలలు, కొన్ని దేశాల్లో 31 నెలలు, ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ తేదీ దాటిన దేశంలో మీకు ఇక లైసెన్సు ఇవ్వడానికి పేటెంటు ఉండదు. మిగిలేది రహస్యంగా ఉంచుకున్న పరిజ్ఞానం మాత్రమే. పేటెంటు దరఖాస్తు ప్రచురితమయ్యాక అందులో రాసినదేదీ రహస్యం కాదు కనుక, క్యాలిబ్రేషన్ విలువలు, సాఫ్ట్‌వేరు కోడు వంటి రాయని భాగమే మీ చేతిలో ఉంటుంది.

ఇక్కడి చదువరులకు మరొక హెచ్చరిక. భారతదేశంలో నివసించేవారు విదేశంలో దరఖాస్తు వేయాలంటే మన పేటెంట్ల చట్టం 39వ సెక్షను ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. ఉత్సాహంతో నేరుగా బయట వేసినవారు ఇక్కడి హక్కునే పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది. తైవాన్ పీసీటీలో లేదు. ఏరేటర్ల తయారీలో తైవాన్ పేరున్న దేశం కనుక చెబుతున్నాను. మొదటి 12 నెలలలో విడిగా వేయకపోతే అక్కడ తలుపు మూసుకున్నట్టే.

ఖర్చు విషయానికి వస్తే, వియత్నాంలో వియత్నామీ భాషలోను, ఇండోనేసియాలో ఇండోనేసియా భాషలోను మొత్తం దరఖాస్తు ఇవ్వాలి. అనువాదంలో క్లెయిము ఒక్క పదం జారినా తర్వాత దిద్దుకోవడం కష్టం. ఇండోనేసియాలో ఇంకొక సంగతి కూడా ఉండేది. 2016 నాటి పేటెంటు చట్టం, ఆ దేశంలోనే తయారు చేయాలని పేటెంటుదారుకు బాధ్యత పెట్టింది. 2020లో వచ్చిన ఉపాధి కల్పన చట్టం దానిని సడలించి, దిగుమతి చేసినా, లైసెన్సు ఇచ్చినా సరిపోతుందన్నది. మీలాగా తయారీ లేని కన్సల్టెన్సీకి ఆ సవరణే పెద్ద ఊరట.

చైనా గురించి: 2019 మార్చి వరకు అక్కడి సాంకేతిక దిగుమతి నిబంధనలలో రెండు ముళ్ళు ఉండేవి. లైసెన్సుదారు చేసిన మెరుగుదలలు లైసెన్సుదారుకే చెందాలన్నది ఒకటి. లైసెన్సుదారు మీద ఎవరైనా పేటెంటు ఉల్లంఘన దావా వేస్తే బాధ్యత విదేశీ లైసెన్సరు మీదే పడాలన్నది రెండవది. రెండింటినీ ఆ ఏడాది తొలగించారు. కాగితం మీద చైనా ఇప్పుడు అంత భయపెట్టే చోటు కాదు. పోటీ మాత్రం వేరే విషయం. కంట్రోలరు బోర్డు చవకగా చేయడంలో వారికి మీరు నేర్పేది ఏమీ లేదు. మీ అంచనా పద్ధతిని వాడుతున్నారని నిరూపించడం అంతకంటే కష్టం.

అరండల్‌పేట ఆడిటర్:

పన్నుల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను ఎత్తుతున్నాను. వియత్నాంతోను, ఇండోనేసియాతోను మనకున్న ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందాల ప్రకారం రాయల్టీ మీద అక్కడ కోసుకునే పన్ను 10 శాతం మించరాదు. వినడానికి చిన్నదిగానే ఉంటుంది. కాని ఆ 10 శాతం మొత్తం రాయల్టీ మీద, ఇక్కడి పన్ను మాత్రం ఖర్చులు పోగా మిగిలిన లాభం మీద. 100 రూపాయల రాయల్టీ వస్తే అక్కడ 10 పోతుంది. ఇంజినీర్ల జీతాలు, ప్రయాణాలు, పేటెంటు రుసుములు కలిపి మీ ఖర్చు 70 అనుకుంటే లాభం 30, దాని మీద 25 శాతం చొప్పున ఇక్కడి పన్ను ఏడున్నర. విదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ ఇచ్చే మినహాయింపు ఆ ఏడున్నరకే పరిమితం, మిగిలిన రెండున్నర తిరిగి రాదు. భారత్‌లో మంజూరైన పేటెంటు రాయల్టీకి 2016 బడ్జెట్ తెచ్చిన 10 శాతం ప్రత్యేక రేటు ఉన్నది గదా అంటారేమో, అందులో ఖర్చులు తీసివేయడానికి వీలులేదు. సర్‌ఛార్జి, సెస్సు పక్కనపెడితే, ఏ దారిలో వెళ్ళినా 100లో 10 పోవడం ఖాయం. కాబట్టి దేశాలను పోల్చేటప్పుడు రాయల్టీ శాతాన్ని కాకుండా, ఇక్కడి బ్యాంకు ఖాతాలో పడే మొత్తాన్ని పోల్చండి.

రిజిస్ట్రేషన్ బెడద కూడా దేశాన్ని బట్టి ఉంటుంది. విదేశం నుంచి వచ్చే సాంకేతిక బదిలీ ఒప్పందాలను వియత్నాంలో 2018 జులై నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం నమోదు చేయాలి. పటమట పెద్దలు నైజీరియా పేరు ఎత్తారు. అక్కడ నోటాప్ అనే కార్యాలయంలో ఒప్పందం నమోదు కాకపోతే బ్యాంకు ద్వారా రాయల్టీ బయటకు రాదు. పరాయి దేశాలను అనడానికి లేదు, 2009 డిసెంబరు వరకు మన దగ్గర కూడా ఆటోమేటిక్ మార్గంలో, అంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా, విదేశాలకు పంపే రాయల్టీకి దేశీయ అమ్మకాల మీద 5 శాతం, ఎగుమతుల మీద 8 శాతం అన్న పరిమితి ఉండేది. ఆనాడు విదేశీ లైసెన్సర్లు భారతదేశాన్ని తమ పట్టికలో ఏ వరుసలో పెట్టి ఉంటారో ఊహించుకోవచ్చు.

లాం రోడ్డు విత్తనాలు:

ఊహించుకోవలసిన పని లేదు, గుంటూరు జిల్లాలో పత్తి వేసిన ప్రతి రైతుకూ ఆ కథ తెలుసు. బీటీ పత్తి జన్యువును మోన్‌శాంటో భాగస్వామ్య సంస్థ ఇక్కడి విత్తన కంపెనీలకు లైసెన్సుకు ఇచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటి ఉన్న రోజుల్లో అందులో ట్రెయిట్ రుసుమే, అంటే ఆ జన్యువుకు చెల్లించే లైసెన్సు రుసుమే, 1,250 ఉండేది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్ళింది, అదే ఏడాది ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. తర్వాత 2015 డిసెంబరులో కేంద్రమే పత్తి విత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో బీజీ-2 అనే రెండవ తరం బీటీ పత్తి ప్యాకెట్‌కు 800 రూపాయలు నిర్ణయించి అందులో ట్రెయిట్ వాటాను 49 రూపాయలు చేసింది. 2020 నాటికి ఆ వాటా సున్న అయింది. 2016లోనే ఆ కంపెనీ తన తర్వాతి తరం పత్తికి ప్రభుత్వ అనుమతి కోరిన దరఖాస్తును ఇక్కడ వెనక్కి తీసుకున్నది.

మార్కుల పట్టిక వేసి ఉంటే భారతదేశానికి నూటికి నూరు వచ్చి ఉండేవి. ప్రపంచంలో పత్తి విస్తీర్ణం ఎక్కువ ఉన్న దేశం, విత్తన కంపెనీలు బలంగా ఉన్న దేశం, కోర్టులు ఉన్న దేశం. రైతు ఏటా కొనే సరుకులో రాయల్టీ విడిగా కనబడితే, ఏ ప్రభుత్వమైనా ఏదో ఒక ఎన్నికకు ముందు దాని మీద చేయి వేస్తుంది. రైతు పక్షాన అది న్యాయమే అని నేను అంటాను. లైసెన్సరు పక్షాన చూసేవారు మాత్రం, తమ రుసుము ఎవరి కంటికి కనబడుతున్నదో ముందే చూసుకోవాలి.

ఆటోనగర్ లేత్‌షెడ్డు:

ఈ మాట బాగున్నది. అయితే కంట్రోలరు రైతు ఒకసారి కొనే వస్తువు, విత్తనంలాగా ఏటా కొనేది కాదు. మరి రాయల్టీ దేని మీద లెక్కిస్తారు, పెట్టెల మీదా? పెట్టెలు ఎన్ని అమ్మాడో మీకు ఎవరు చెబుతారు?

పటమట విశ్రాంత ఉద్యోగి:

అసలు ప్రశ్నకు లేత్‌షెడ్డు గారు వచ్చారు. ఎక్కడ లెక్క తేలుతుందో ఆ దేశమే మంచి దేశం, తక్కినవన్నీ దాని తర్వాతే. యూరియా ప్లాంటు లైసెన్సులో ఈ బాధ లేదు, ప్లాంటు సామర్థ్యం అందరికీ తెలిసిందే కనుక రుసుము టన్నుల లెక్కన ముందే తీసుకుంటారు. వేల సంఖ్యలో అమ్ముడుపోయే చిన్న పరికరానికి అలా కుదరదు. ఇంజినీరు గారి అదృష్టం ఏమిటంటే వారి పెట్టెలో సాఫ్ట్‌వేరు ఉన్నది. ప్రతి కంట్రోలరు పనిచేయడం మొదలుపెట్టడానికి విజయవాడ నుంచి ఒక సంకేత సంఖ్య జారీ కావాలన్న ఏర్పాటు పెడితే, జారీ చేసిన సంఖ్యలే అమ్మకాల లెక్క. అది సాధ్యపడని పక్షంలో ఏడాదికి ఇంత కనీస రాయల్టీ అని రాసుకోవాలి. అది చెల్లించలేనంటే ప్రత్యేక హక్కు, అంటే అక్కడ మరెవరికీ లైసెన్సు ఇవ్వకూడదన్న హక్కు, పోయి మామూలు లైసెన్సుగా మిగులుతుందని కూడా రాసుకోవాలి.

దేశం మొత్తానికి ప్రత్యేక హక్కు ఇచ్చేయడం గురించి ఒక పాత ఉదాహరణ చెబుతాను. కరిగిన తగరం మీద గాజును తేలించి పలకలు చేసే ఫ్లోట్ గ్లాసు పద్ధతిని ఇంగ్లండుకు చెందిన పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. 1962లో అమెరికాలోని పీపీజీకి లైసెన్సు ఇచ్చింది, తర్వాత ప్రపంచంలోని పెద్ద గాజు కంపెనీలు దాదాపు అన్నీ ఆ బాట పట్టాయి. వారు చూసుకున్నది, అప్పటికే గాజు తయారు చేస్తూ, ఈ పద్ధతిని నిలబెట్టగల డబ్బూ మనుషులూ ఉన్న కంపెనీలను. ఎవరికి ఏ దేశమో గిరి గీసి ఇచ్చారు. ముఖ్యమైన పేటెంట్లు ముగిసిన తర్వాత కూడా ఆ గిరులను కొనసాగించారన్న ఆరోపణతో 1994లో అమెరికా న్యాయశాఖ పోటీ చట్టం కింద దావా వేసింది, రాజీ ఉత్తర్వుతో ఆ ఆంక్షలు సడలాయి. అంటే భూభాగాన్ని పంచి ఇవ్వడం కూడా పేటెంటు ఆయుష్షుకు లోబడే ఉండాలి.

మరొక సంగతి. చిన్న కన్సల్టెన్సీలు చాలావరకు దేశాన్ని ఎంచుకోవు, ప్రదర్శనలో కలిసిన ఎవరో ఒకరు ఉత్తరం రాస్తే అక్కడికి వెళతాయి. అది తప్పు కాదు, అవసరం ఉన్నవాడే ముందు పలుకరిస్తాడు. కాని అలా వచ్చినవాడికి సర్వీసు మనుషులు ఉన్నారా, వాడి సొంత ఏరేటర్లు ఎన్ని చెరువులలో తిరుగుతున్నాయి అన్నవి విచారించకుండా సంతకం పెట్టకూడదు. మన సాంకేతికత తన పాత సరుకుకు పోటీ రాకుండా బీరువాలో దాచిపెట్టడానికే లైసెన్సు తీసుకునేవారు కూడా ఉంటారు.

మొగల్రాజపురం ఇంజినీరు:

చర్చ వల్ల మా పట్టిక తలక్రిందులైంది. ఈక్వడార్‌ను తీసివేస్తున్నాము. చైనాలో పేటెంటు దరఖాస్తు మాత్రం వేసి ఉంచుతాము, లైసెన్సు కోసం కాదు, అక్కడ తయారైన నకలును అడ్డుకోవడానికి ఒక ఆధారంగా. ఇండోనేసియాలో ఏరేటర్ల తయారీదారులు ఇద్దరితో ఉత్తరాలు నడుస్తున్నాయి. వారిలో పెద్ద సంస్థ దేశమంతటికీ ప్రత్యేక హక్కు అడుగుతున్నది. చిన్న సంస్థకు తూర్పు జావాలో మాత్రమే సర్వీసు మనుషులు ఉన్నారు గాని, జారీ సంఖ్య ఏర్పాటుకు వెంటనే ఒప్పుకున్నది. వియత్నాంలో దరఖాస్తు వేస్తాము, డ్రైవుతో ఒకే ఇరుసు చెరువులలో ఒక పంటకాలం పరీక్షించాకే లైసెన్సు మాట ఎత్తుతాము.

బ్రాడీపేట పేటెంట్:

చిన్న సంస్థకు ఇచ్చేటట్లయితే ‘తూర్పు జావా’ అని ఒప్పందంలో రాయండి, ‘ఇండోనేసియా’ అని రాయకండి. లైసెన్సును అక్కడి మేధోసంపత్తి కార్యాలయంలో నమోదు చేయించే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే ఉండాలి. అనువాదానికి కనీసం ఆరు వారాలు ముందుగా కాగితాలు పంపండి, గడువు వారంలో పని పెట్టుకుంటే క్లెయిములు సరిచూసే తీరిక ఎవరికీ ఉండదు.

కైకలూరు చెరువుగట్టు:

మెకాంగ్‌లో పరీక్షకు చెరువు కావాలంటే, వానాకాలానికి ముందు వేసే పంటలో పెట్టించండి. అప్పుడు ఎండకు డీఓ ఎత్తుపల్లాలు ఎక్కువగా ఉంటాయి, మీ అంచనా ఎంత నిజమో ఆ పంటలోనే తేలుతుంది. సెన్సరు తుడిచే కుర్రవాడి జీతాన్ని పరీక్ష ఖర్చులో మరిచిపోకుండా వేసుకోండి.